దండచేతి ఎముకలో పాజెట్ వ్యాధి

ఎముక తనను తాను తిరగగట్టుకునే పని అదుపు తప్పడమే పాజెట్ వ్యాధి. యాభై ఐదేళ్లు దాటినవారిలోనే ఎక్కువగా కనిపిస్తుంది. ఇది ఒళ్లంతా పాకే జబ్బు కాదు. ఒక ఎముకనో, నాలుగైదు ఎముకలనో పట్టుకుని ఏళ్ల తరబడి అక్కడే ఉంటుంది. పట్టిన ఎముక లావెక్కుతుంది, ఒక్కోసారి వంకర పోతుంది. పైకి గట్టిపడినట్టే ఉన్నా నిజానికి బలం తగ్గుతుంది. కటి ఎముక, తొడ ఎముక, నడుము వెన్నుపూసలు, పుర్రె, మోకాలి కింది పెద్ద ఎముక దీనికి అలవాటైన చోట్లు. చేతికి వస్తే ఎక్కువగా పట్టేది భుజాస్థిని, అంటే భుజం నుంచి మోచేతి దాకా ఉండే దండచేతి ఎముకను. జబ్బును మొదలంటా పెరికేసే మందు లేదు గానీ, ఏళ్లకేళ్లు నిద్రపుచ్చే మందు ఉంది. ఈ తేడా తెలిసిన రోగికి సగం భయం తీరుతుంది.

ఎముక లోపల జరిగే పని

పెద్దవాళ్ల అస్థిపంజరంలో ఏడాదికి సుమారు పదో వంతు కొత్తగా మారుతుంది. ఆస్టియోక్లాస్ట్‌లనే పెద్ద కణాలు పాత ఎముకను కరిగించి గుంట చేస్తాయి. వాటి వెనకే ఆస్టియోబ్లాస్ట్‌లు వచ్చి ఆ గుంటలో మాంసకృత్తుల పోగులు పరిచి, వాటి మధ్య కాల్షియం, ఫాస్ఫరస్ పేర్చి పూడుస్తాయి. తవ్వకం వారాల పని, పూడిక నెలల పని. తవ్విన మేరకే పూడుస్తాయి కాబట్టి ఎముక ఆకారం చెడదు.

పాజెట్ వ్యాధిలో తప్పు తవ్వేవాళ్ల దగ్గరే మొదలవుతుంది. మామూలు ఆస్టియోక్లాస్ట్‌కు మూడు నుంచి ఇరవై దాకా కేంద్రకాలుంటాయి. పాజెట్ ఎముకలో వంద కేంద్రకాల కణాలు కూడా దొరుకుతాయి. సంఖ్యలోనూ అవి ఎక్కువే. అవి ఆబగా తవ్వుకుంటూ పోతుంటే కట్టేవాళ్లు వెనక పరుగెత్తాలి. ఆ పరుగులో వేసిన ఎముకకు వరస ఉండదు. వేలూరు దగ్గరి గుడియాత్తం చేనేత లుంగీ ఒకటి వెలుతురుకు పట్టి చూడండి. పడుగు పోగులు ఒక దారిన, పేక పోగులు దానికి అడ్డంగా, ఎక్కడా తప్పు లేకుండా కూర్చుని ఉంటాయి. ఆరోగ్యంగా ఉన్న ఎముకలో పోగులు అలాగే పొరలుపొరలుగా ఉంటాయి. పాజెట్ ఎముకలో ఉన్నది అదే నూలు. కాకపోతే చిక్కుపడ్డ ఉండలా ఉంటుంది. సరుకు తక్కువేమీ కాదు, అల్లిక చెడింది. అందుకే ఎక్స్‌రేలో దట్టంగా కనిపించే ఎముక చిన్న దెబ్బకు విరుగుతుంది.

జబ్బుకు మూడు దశలు. మొదట తవ్వకమే ఎక్కువ, ఎముక పలచబడుతుంది. తర్వాత తవ్వకం, పూడిక రెండూ జోరుగా సాగుతాయి. చివరికి తవ్వకం చల్లారి, మందమైన, గరుకైన ఎముక మిగులుతుంది. ఒకే ఎముకలో ఈ మూడు దశలూ పక్కపక్కన ఉండవచ్చు. జోరుగా ఉన్న దశలో అక్కడికి రక్తం బాగా పారుతుంది. అరచెయ్యి ఆనిస్తే ఆ చోటు పక్కదానికన్నా వెచ్చగా తగులుతుంది.

పాజెట్ ఎవరు

సర్ జేమ్స్ పాజెట్ (1814–1899) లండన్‌లోని సెయింట్ బార్తలోమ్యూ ఆసుపత్రి సర్జన్. 1876లో లండన్ వైద్య సంఘం ముందు ఐదుగురు రోగుల కథ చదివాడు. మరుసటి ఏడాది అది అచ్చయింది. ఎముక వాచిపోయి ఆకారం చెడుతోందన్న అర్థం వచ్చేలా దానికి ‘ఆస్టియైటిస్ డిఫార్మాన్స్’ అని పేరు పెట్టాడు. వాపు సంగతిలో ఆయన పొరబడ్డాడు గానీ చూపులో పొరబడలేదు. ఆ ఐదుగురిలో మొదటి మనిషిని ఇరవై ఏళ్లు వెంటాడి చూశాడు. 46వ ఏట కాళ్ల నొప్పితో జబ్బు మొదలైన ఆ మనిషి టోపీ కొలతను కూడా రాసిపెట్టాడు: 1844లో ఇరవై రెండున్నర అంగుళాలు, 1876 నాటికి ఇరవై ఏడుంపావు. పుర్రె పెరుగుతోందనడానికి అంతకన్నా తేలికైన కొలత ఆ రోజుల్లో లేదు. ఎక్స్‌రేలు ఇంకా పుట్టలేదు. ఆ మనిషి చివరికి చేతి ఎముక వల్లే పోయాడు. ఆ సంగతి తర్వాత.

ఎందుకు వస్తుందన్నది ఇప్పటికీ సగమే తెలిసింది. 2002లో కెనడాలోని క్వెబెక్ కుటుంబాల్లో ఎస్‌క్యూఎస్‌టీఎం1 అనే జన్యువులో లోపం బయటపడింది. వంశంలో జబ్బు నడిచే కుటుంబాల్లో పావు నుంచి సగం మందికి ఈ లోపం ఉంటుంది. కుటుంబంలో తనొక్కడికే వచ్చినవారిలో పదింట ఒకరికి. తట్టు వైరస్ చిన్నప్పుడే ఎముక కణాల్లో దాక్కుంటుందన్న వాదన 1970లలో లేచింది, ఇంకా తెగలేదు. ఇంగ్లండ్‌లో లాంకషైర్ చుట్టుపక్కల ఇది మరీ ఎక్కువ. అక్కడికి దగ్గర్లోని నార్టన్ ప్రయరీ మఠం సమాధుల్లో మధ్యయుగాల ఎముకల మీదా ఇవే గుర్తులున్నాయి. విచిత్రమేమంటే, గత కొన్ని దశాబ్దాలుగా ఆ దేశంలోనే ఈ జబ్బు తగ్గుతోంది, వచ్చినా మునుపటంత తీవ్రంగా రావడం లేదు. జన్యువులు రెండు తరాల్లో మారవు కాబట్టి, గాలో, తిండో, పిల్లల అంటురోగాలో, బయటిది ఏదో ఒకటి దీనికి తోడు ఉండాలి.

వేలూరు, గుడియాత్తం

పాజెట్ వ్యాధి తెల్లవాళ్ల జబ్బనీ, ఆసియాలో లేనట్టేననీ పాఠ్యపుస్తకాలు చాలాకాలం రాశాయి. అరుదన్నది నిజమే, లేదన్నది నిజం కాదు. వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ (సి.ఎం.సి.) ఎండోక్రైనాలజీ విభాగం నుంచీ, ముంబై నుంచీ పాజెట్ రోగుల సమీక్షలు వైద్య పత్రికల్లో వచ్చాయి. వెతికేవాళ్లున్న చోట జబ్బు కనబడింది, అంతే.

తెలుగువాళ్లకు వేలూరు ఇప్పటికీ రాయవేలూరే. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా చిత్తూరూ వేలూరూ ఒకే ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేవి. గీత మారినా దారి మారలేదు. పెద్ద జబ్బు చేస్తే చిత్తూరు, పలమనేరు, మదనపల్లె, కడప వైపు నుంచి జనం కాట్పాడి జంక్షన్‌లో దిగి సి.ఎం.సి. దారి పడతారు. 1900లో ఇడా స్కడ్డర్ ఒకే ఒక్క మంచంతో మొదలుపెట్టిన వైద్యశాల అది; 1918లో ఆడవాళ్లకు వైద్య విద్య మొదలైంది. ఇప్పుడు ఆ వరండాల్లో తమిళం తర్వాత చెవిన పడే భాషల్లో తెలుగు ఒకటి.

వేలూరికి పడమరగా ముప్పై కిలోమీటర్ల దూరంలో గుడియాత్తం. పలమనేరు వైపు నుంచి దిగే కౌండిన్య నది ఒడ్డున ఉంది. చేనేత లుంగీలకు, అగ్గిపెట్టెలకు పేరు. ఊళ్లోనూ, పలమనేరు దారి పల్లెల్లోనూ తెలుగు మాట్లాడే ఇళ్లు చాలా ఉన్నాయి. మగ్గం, బీడీ, అగ్గిపెట్టె, ఏ పని చూసినా చెయ్యి ఆడితేనే కూలి. నడకకు అడ్డు రాని చేతి జబ్బును ఊళ్లో ఎవరూ జబ్బని లెక్కపెట్టరు. మగ్గం నడిపే మనిషికి మాత్రం అది పని పోవడంతో సమానం.

ఊరి మాటలో ఈ నొప్పికి వేరే పేరు లేదు. చెయ్యి పీకుతోందంటారు, ఎముక సలుపుతోందంటారు, వాతమంటారు. ఇందులో ‘సలుపు’ అన్న మాటను వైద్యుడు జాగ్రత్తగా వినాలి. కీలు నొప్పి కదిలిస్తే పెరిగి, ఆపితే తగ్గుతుంది. ఎముక సలుపు కదలకుండా పడుకున్నా ఉంటుంది, రాత్రి నిద్రలోంచి లేపుతుంది. “పని చేసేటప్పుడు ఎక్కువా, పడుకున్నప్పుడు ఎక్కువా?” అన్న ఒక్క ప్రశ్న ఎన్నో పరీక్షల ఖర్చు తప్పిస్తుంది. ఎడమ చెయ్యి లాగుతూ, నడిస్తే పెరుగుతూ, చెమట పోస్తుంటే మాత్రం ఎముక సంగతి తర్వాత, ముందు గుండె ఇ.సి.జి. తీయించుకోవాలి.

అసలు చాలామందికి నొప్పే ఉండదు. వేరే దేనికోసమో చేయించిన రక్తపరీక్షలో ఒక అంకె పెరిగి కనబడుతుంది. లేదా కింద పడి భుజానికి ఎక్స్‌రే తీయిస్తే, విరిగిందేమో చూడబోయిన వైద్యుడికి ఇది కనబడుతుంది.

భుజాస్థి ప్రత్యేకత

కాలి ఎముక మీద ఒళ్లంతటి బరువు పడుతుంది. అందుకే పాజెట్ పట్టిన కాలు విల్లులా వంగుతుంది, జబ్బు తొందరగా బయటపడుతుంది. చేతికి ఆ బరువు లేదు. భుజాస్థి లోలోపల ఏళ్ల తరబడి మారిపోతున్నా చొక్కా చెయ్యి బిగుతయ్యేదాకా ఎవరూ గమనించరు. చేతికి పడే బరువు వేరే రకం, మెలిక. నిండు బిందె ఎత్తి పక్కకు తిప్పినప్పుడు, బస్సులో కడ్డీ పట్టుకుని నిలబడ్డప్పుడు బ్రేకు పడితే, తడిబట్ట పిండితే దండచెయ్యి మెలి తిరుగుతుంది. పొరలు సరిగా లేని ఎముక మెలికకు తట్టుకోదు.

మరో సంగతి నరం. రేడియల్ నరం భుజాస్థి వెనక నుంచి ఎముకను చుట్టుకుంటూ ముందుకు వస్తుంది. మణికట్టునూ వేళ్లనూ పైకెత్తేది అదే. ఎముక విరిగినా, అరుదుగా బాగా లావెక్కినా ఆ నరం నలగవచ్చు. అప్పుడు చెయ్యి మణికట్టు దగ్గర వాలిపోతుంది, పిడికిలి పట్టు సడలుతుంది. ఆ నరం కోలుకోకపోతే, పనిచేసే కండరాల స్నాయువులను మార్చి కుట్టి మణికట్టును లేపుతారు. 1948లో పాల్ బ్రాండ్ కుష్ఠు రోగుల వంకర వేళ్లను సరిచేయడానికి ఇదే సూత్రం మీద శస్త్రచికిత్స మొదలుపెట్టింది వేలూరులోనే. కాట్పాడి దగ్గరి కరిగిరి కుష్ఠు ఆసుపత్రి ఆ పనిని కొనసాగించింది. చేతి విలువ ఆ ప్రాంతపు వైద్యులకు ఎవరూ చెప్పక్కర్లేదు.

జబ్బు భుజం వైపు చివర మొదలైతే కీలు కూడా అరుగుతుంది. భుజాస్థి తల ఆకారం మారి గూట్లో సరిగ్గా తిరగదు. జడ వేసుకోవడం, పై అరలో డబ్బా అందుకోవడం కష్టమవుతుంది. మధుమేహం ఉన్నవాళ్లకు భుజం పట్టేయడం మామూలు కాబట్టి, ఇదీ అదేననుకుని నెలల తరబడి వ్యాయామం చేయించడం జరుగుతూ ఉంటుంది.

గుర్తుపట్టడం

మొదటి సాక్షి ఎక్స్‌రే. పాజెట్ భుజాస్థి ఫిల్మును లైటుపెట్టె మీద పెట్టి చూస్తే ముందు కనబడేది లావు. అవతలి చేతి ఫిల్ము పక్కన పెడితే ఆ తేడా ఇంకా తెలుస్తుంది. ఎముక అంచు గోడ మందంగా ఉండి, లోపలి గీతలు సన్న గళ్లలా కాక మొరటు చారల్లా ఉంటాయి. జబ్బు దాదాపు ఎప్పుడూ ఎముక ఒక చివర మొదలై రెండో చివరకు ఏడాదికి ఇంచుమించు ఒక సెంటీమీటరు చొప్పున పాకుతుంది. పాకే అంచు గడ్డిపరక మొనలా, దీపం కొసలా సూదిగా ఉంటుంది. ఆ మొన ఒక్కటి కనిపిస్తే అనుభవమున్న రేడియాలజిస్టు పేరు చెప్పేస్తాడు. మోచేయి, భుజం రెండూ పడేలా మొత్తం ఎముకకు ఫిల్ము తీయించాలన్నది ఇందుకే. భుజం వరకే తీసిన ఫిల్ములో ఆ మొన పడదు.

రెండోది రక్తంలో ఆల్కలైన్ ఫాస్ఫటేజ్. కట్టే కణాలు ఎంత హడావిడిగా ఉన్నాయో చెప్పే అంకె ఇది. కాలేయం నుంచీ ఇది వస్తుంది గనుక కాలేయ పరీక్షలు జత చేస్తారు. ఒక్క భుజాస్థికే జబ్బు ఉంటే ఈ అంకె మామూలుగానే ఉండవచ్చు. ‘రక్తం బాగుంది’ అన్నంత మాత్రాన ఎముక బాగున్నట్టు కాదు. అలాంటప్పుడు పీ1ఎన్‌పీ వంటి సున్నితమైన పరీక్ష పనికొస్తుంది. కాల్షియం సాధారణంగా మామూలుగానే ఉంటుంది. పెరిగి ఉంటే వేరే జబ్బు కోసం వెతకాలి.

మూడోది టెక్నీషియం ఎముకల స్కాన్. జబ్బు ఎన్ని ఎముకల్లో ఉందో ఒకేసారి తేలుస్తుంది. పట్టిన భుజాస్థి చిత్రంలో పై నుంచి కింది దాకా నల్లగా మెరుస్తుంది. మొదట్లో లేని ఎముకకు తర్వాత జబ్బు రావడం చాలా అరుదు కాబట్టి ఈ స్కాన్ మళ్లీ మళ్లీ అక్కర్లేదు. ముక్క తీసి పరీక్షించడం అనుమానం ఉన్నప్పుడే. రక్తం బాగా పారే ఎముకను ఊరికే కోయరు.

మన ప్రాంతంలో అసలు చిక్కు వేరు. పాజెట్‌ను తలపించే జబ్బులే ఇక్కడ పాజెట్ కన్నా ఎక్కువ.

మొదటిది డి విటమిన్ లోటు వల్ల ఎముకలు మెత్తబడటం. ఎండ మండే నేలలో డి విటమిన్ తక్కువేమిటనుకునే రోజుల్లో, తిరుపతి శ్రీ వెంకటేశ్వర వైద్య విజ్ఞాన సంస్థలో సి.వి. హరినారాయణ్ బృందం ఆ చుట్టుపక్కల పల్లెల్లోనూ పట్నంలోనూ ఆరోగ్యంగా ఉన్నవారిని పరీక్షించి, ఈ లోటు ఎంత సామాన్యమో 2007లో చూపించింది. తిండిలో కాల్షియం తక్కువ, ఆ ఉన్నదాన్ని పట్టి ఉంచే ఫైటేట్ ఎక్కువ అని కూడా తేల్చింది. ఈ లోటులోనూ ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ పెరుగుతుంది, ఎముకలు సలుపుతాయి. అయితే ఇక్కడ నొప్పి ఒళ్లంతా ఉంటుంది, ఒక్క చేతికే ఉండదు.

రెండోది ఫ్లోరోసిస్. ఎముకలను పట్టే ఫ్లోరోసిస్‌ను మన దేశంలో మొదట వర్ణించింది తెలుగునేల మీదే. 1937లో షార్ట్ బృందం అప్పటి నెల్లూరు జిల్లా రోగులను గురించి రాసింది. నల్లగొండ కథ అందరికీ తెలిసిందే. ప్రకాశం, నల్లగొండ వైపు నుంచి వేలూరుకు వచ్చిన రోగి ఎక్స్‌రేలో ఎముకలు సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంటే ముందు ఆ ఊరి బోరు నీళ్ల సంగతి అడగాలి. ఫ్లోరోసిస్ వెన్నునూ రెండు పక్కల ఎముకలనూ సమంగా పడుతుంది. ముంజేతి రెండు ఎముకలను, రత్నినీ అరత్నినీ, కలిపే పలుచటి పొరలో సున్నం పేరుకోవడం దాని గట్టి ఆనవాలు. పాజెట్‌లో అది ఉండదు. చెయ్యి ఎక్స్‌రే ఒక్కటే రెండు జబ్బులనూ విడదీయగలదంటే అతిశయోక్తి కాదు.

మూడోది భయపెట్టేది: వేరే చోట పుట్టి ఎముకకు పాకిన కాన్సర్. ముసలివాళ్లలో ప్రోస్టేట్ కాన్సర్ ఎముకను తెల్లగా, దట్టంగా చేస్తుంది, కానీ సాధారణంగా లావు చేయదు. ఆడవాళ్లలో రొమ్ము కాన్సర్‌ను మరిచిపోకూడదు. ఎముక క్షయ, పారాథైరాయిడ్ గ్రంథి జబ్బు, చిన్న వయసులోనే మొదలయ్యే ఫైబ్రస్ డిస్‌ప్లేసియా కూడా ఈ వరసలోవే. ఇన్ని కొట్టేసిన తర్వాతే పాజెట్ అనాలి. ఒక పట్టాన పేరు పెట్టడం లేదని రోగి విసుక్కోవడం సహజమే, వైద్యుడు తొందరపడకపోవడం అంతకన్నా అవసరం.

మందు

ప్రతి పాజెట్ ఎముకకూ మందు పడాలా? ఈ ప్రశ్న మీద వైద్యుల్లోనే రెండు అభిప్రాయాలున్నాయి. బ్రిటన్‌లో 1,300 మందికి పైగా రోగుల మీద జరిగిన ప్రిజమ్ అధ్యయనం 2010లో ఒక సంగతి చెప్పింది: నొప్పి ఉన్నప్పుడే మందిచ్చినవారికీ, నొప్పి ఉన్నా లేకున్నా రక్తంలో అంకె మామూలుకు వచ్చేదాకా గట్టిగా మందిచ్చినవారికీ, ఎముకలు విరగడంలో గానీ, బతుకు సుఖంలో గానీ తేడా రాలేదు. అంకెను వెంటాడటం కాదు, మనిషిని చూసి మందివ్వడం మంచిదన్న వైపే ఈ వ్యాసకర్త మొగ్గు. పాజెట్ ఎముక సలుపుతుంటే, జబ్బు కీలు దగ్గరికి పాకుతుంటే, ఆ ఎముకకు శస్త్రచికిత్స చేయబోతుంటే, పలచబడిన చోటు విరిగేలా ఉంటే మందివ్వాలి. అంకె కాస్త పెరిగి ఏ బాధా లేని డెబ్భై ఐదేళ్ల మనిషిని కనిపెట్టి ఉంటే చాలు.

1970లలో ఎక్కువగా వాడింది సాల్మన్ చేప రకం కాల్సిటోనిన్ సూదులే. తర్వాత బిస్ఫాస్ఫొనేట్‌లు వచ్చి కథ మార్చాయి. ఇవి ఎముక ఉపరితలానికి అంటుకుని, తవ్వే కణాలు మింగగానే వాటిని చంపేస్తాయి. మాత్రల్లో అలెండ్రొనేట్ రోజుకు 40 మిల్లీగ్రాములు ఆరు నెలలు, రిసెడ్రొనేట్ రోజుకు 30 మిల్లీగ్రాములు రెండు నెలలు. వీటిని పొద్దున్నే పరగడుపున, నిండు గ్లాసు మంచినీళ్లతో మింగి, అరగంట పాటు పడుకోకుండా, ఏమీ తినకుండా ఉండాలి. కాఫీతో మింగితే మందు ఒంటికి పట్టదు. లేవగానే కాఫీ గ్లాసు పట్టే మన ఇళ్లలో ఈ మాట రెండుసార్లు చెప్పాలి.

ఇప్పుడు ముందు వరసలో ఉన్నది జోలెడ్రానిక్ ఆమ్లం. 5 మిల్లీగ్రాములు, ఒకే ఒక్కసారి, నరంలోకి. 2005లో అచ్చయిన పోలికలో ఆరు నెలలకు ఇది 96 శాతం మందిలో పనిచేసింది, రిసెడ్రొనేట్ 74 శాతం మందిలో. ఒక్క సీసాతో ఐదారేళ్లు జబ్బు నిద్రపోయినవాళ్లు ఉన్నారు. ఇంత తక్కువ శ్రమతో ఇంత ఎక్కువ కాలం పనిచేసే మందు ఎముకల వైద్యంలో మరొకటి చూపడం కష్టం. మన మందుల దుకాణాల్లో తేలిగ్గా దొరికేది కాన్సర్ రోగులకు వాడే 4 మిల్లీగ్రాముల సీసా. పాజెట్ మోతాదు 5 అని చీటీలో స్పష్టంగా ఉండాలి.

ఎక్కించడానికి ముందు మూడు చూస్తారు. డి విటమిన్ సరిపడా ఉందా అన్నది మొదటిది. లోటు ఉండగా ఎక్కిస్తే కాల్షియం ఒక్కసారిగా పడిపోయి వేళ్లు కొంకర్లు పోతాయి, మూతి చుట్టూ తిమ్మిరెక్కుతుంది. తిరుపతి ఫలితాలు చూశాక మన ప్రాంతంలో దీన్ని దాటవేయడానికి వీల్లేదు. రెండోది మూత్రపిండాలు: క్రియాటినిన్ క్లియరెన్స్ 35 కన్నా తక్కువైతే ఇవ్వరు. మూడోది పళ్లు. పీకించాల్సిన పన్ను ఉంటే ముందే పీకించుకుని పుండు మానాక రావాలి. అరుదే గానీ, ఈ మందు తర్వాత దవడ ఎముక మానని సందర్భాలున్నాయి.

ఆ రోజు ఎలా ఉంటుందో చెప్తే భయం తగ్గుతుంది. రెండు గ్లాసుల నీళ్లు తాగించి కూర్చోబెడతారు. బాగున్న చేతి నరానికి సూది గుచ్చి, 100 మిల్లీలీటర్ల సీసా వేలాడదీస్తారు. పావుగంటకు తగ్గకుండా చుక్కలు పడాలి. అంతకన్నా వేగంగా పోనివ్వరు. సీసా అయిపోతే ఇంటికి పోవచ్చు, గుడియాత్తం బస్సు ఎక్కడానికి ఇబ్బంది లేదు. అసలు తమాషా ఆ రాత్రి. మొదటిసారి ఎక్కించుకున్నవారిలో కొందరికి జ్వరం, చలి, ఒళ్లంతా కొట్టినట్టు నొప్పులు. ఇంట్లోవాళ్లు మందు వికటించిందని హడలిపోతారు. పారాసిటమాల్ వేసుకుంటే మూడు రోజుల్లో తగ్గుతుంది, రెండోసారి ఎక్కించినప్పుడు ఇంత రాదు. తర్వాత కనీసం రెండు వారాలు కాల్షియం, డి విటమిన్ మాత్రలు మానకూడదు. రాగి సంగటి తినే ఇళ్లకు ఒక సౌకర్యం ఉంది. వంద గ్రాముల రాగుల్లో మూడువందల మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. అయితే అది మాత్రకు తోడే గానీ బదులు కాదు.

నొప్పి వారాల్లో తగ్గడం మొదలవుతుంది. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ మూడు నుంచి ఆరు నెలల్లో అడుగుకు చేరుతుంది. అప్పటికీ చెయ్యి నొస్తుంటే, ఆ నొప్పి అరిగిన కీలుదో, నరానిదో అయి ఉండాలి. దానికి మళ్లీ ఇంకో సీసా ఎక్కించి లాభం లేదు. ఆ తర్వాత ఏడాదికోసారి రక్తపరీక్ష చాలు. వంగిన ఎముకను మందు నిటారు చేయలేదు, లావెక్కిన ఎముకను సన్నం చేయలేదు. కొత్తగా పరిచే ఎముకను మాత్రం వరసలో పెడుతుంది.

విరిగితే

ఎముక విరిగితే పుత్తూరు కట్టు గుర్తుకురాని చిత్తూరు మనిషి ఉండడు. పుత్తూరు దగ్గర రాజుల కుటుంబం ఆకుపసరు, కోడిగుడ్డు సొన, వెదురు బద్దలతో వేసే కట్టుకు దక్షిణాది అంతటా పేరుంది. మామూలు ఎముక మామూలుగా విరిగితే, కదలకుండా పెడితే చాలాసార్లు అతుక్కుంటుంది. ఆ నమ్మకానికి పునాది అదే. జబ్బు ఎముక సంగతి వేరు. బిందె ఎత్తితే విరిగిన చెయ్యి, పక్క మీద ఒత్తిగిలితే విరిగిన చెయ్యి జబ్బు ఎముక అని అనుమానించాలి. కట్టు ఎక్కడ వేయించుకున్నా ముందు ఒక ఎక్స్‌రే ఉండాలి. పాజెట్ ఎముక తరచు సుద్దముక్క విరిగినట్టు అడ్డంగా తెగుతుంది. అతుక్కుంటుంది గానీ ఆలస్యంగా. శస్త్రచికిత్స చేసి కడ్డీ పెట్టాల్సి వస్తే, వ్యవధి ఉన్నప్పుడు ముందుగా జోలెడ్రానిక్ ఆమ్లంతో జబ్బు జోరు తగ్గిస్తారు. లేకపోతే రక్తం బాగా పోతుంది.

విరగకుండా చూసుకోవడం పెద్ద విద్య కాదు. జబ్బు పట్టిన చేత్తో బరువు ఎత్తి మెలి తిప్పడం మానాలి. నీళ్లు రెండు చిన్న బిందెలుగా, బాగున్న చేత్తో తెచ్చుకోవచ్చు. మగ్గం పూర్తిగా మానాలని లేదు. నాడె తాడు లాగే చేతిని మార్చుకోవడం, గంటకోసారి లేవడం, నొప్పి జోరుగా ఉన్న వారాల్లో ఆపడం సరిపోతుంది. చెయ్యి పూర్తిగా మెడకు వేలాడదీసి కూర్చుంటే భుజం బిగుసుకుపోతుంది. ముందుకు వంగి చేతిని గంటలోని నాలుకలా వదులుగా ఊపడం రోజూ ఐదు నిమిషాలు చేస్తే కీలు తిరుగుతూ ఉంటుంది. రాత్రి చెయ్యి కింద మెత్త పెట్టుకుంటే సలుపు తెలియదు. ఇంట్లో జారిపడే చోట్లు, ముఖ్యంగా స్నానాల గది గడప, చూసుకోవాలి. సిగరెట్టు, బీడీ ఎముకకూ చేటే.

ఆ ఒక్క భయం

పాజెట్ ఎముకలో సార్కోమా అనే కాన్సర్ పుట్టవచ్చు. నూటికి ఒకరికన్నా తక్కువ మందిలోనే. అయినా చేతి గురించిన వ్యాసంలో దీన్ని దాటిపోకూడదు, ఎందుకంటే జబ్బు తక్కువగా పట్టే భుజాస్థిలో ఈ కాన్సర్ దాని వంతుకు మించి పుడుతుంది. పాజెట్ ఇరవై ఏళ్లు చూసిన ఆ మొదటి రోగి కాళ్లు వంగి, తల పెరిగి కూడా తన పనులు తాను చేసుకుంటూనే ఉన్నాడు. 1876 జనవరిలో ఎడమ ముంజేయి నొప్పి మొదలైంది. రత్ని పై భాగంలో కణితి గబగబా పెరిగింది, మార్చిలో పోయాడు.

కాబట్టి పాత నొప్పి పాత తీరులోనే ఉంటే కంగారు లేదు. ఏళ్లుగా ఒకేలా ఉన్న సలుపు వారాల్లో మారి, రాత్రీ పగలూ వదలకుండా, మందుకు లొంగకుండా ఉంటే, దండచేతి మీద కొత్తగా గడ్డ తగిలితే, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ ఉన్నట్టుండి ఎగిస్తే, ఏడాది పరీక్షకు ఇంకా ఆరు నెలలుందని ఆగకుండా ఆ వారమే వెళ్లి ఎక్స్‌రే, ఎం.ఆర్.ఐ. తీయించుకోవాలి. పాత ఫిల్ములు అప్పుడు బంగారం. కొత్తదాంట్లో ఏం మారిందో పాతది పక్కన ఉంటేనే తెలుస్తుంది. ఫిల్ములు పారేయకూడదు. వానకు తడవని గుడ్డసంచిలో పెట్టి, పైన ఆసుపత్రి నంబరు రాసుకుంటే వేలూరులో ఏ కౌంటరు దగ్గరైనా సగం పని అయినట్టే.

ఇక కుటుంబం సంగతి. తల్లికో తండ్రికో పాజెట్ ఉన్నంత మాత్రాన పిల్లలందరికీ రాదు, వచ్చినా ఎక్కువగా యాభై దాటాకే. జన్యు పరీక్ష మన దగ్గర అందరికీ అక్కర్లేదు. తోబుట్టువులూ, పిల్లలూ యాభై దాటాక ఐదేళ్లకోసారి ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ ఒక్కటి చేయించుకుని, ఎక్కడైనా ఎముక సలిపితే ఆ చోటికి ఒక ఎక్స్‌రే తీయించుకుంటే చాలు.